టికెట్ కొన్నవాళ్లకు కూడు

దుడ్డు ఇచ్చి తినేవాళ్లను చూసినాను. దుడ్డు ఎగ్గొట్టి తినేవాళ్లనూ చూసినాను. దుడ్డు ఇచ్చి, ఎండలో నడిచి, వీధిలో నిలబడి కథ విని, ఆ తరువాత ఒకే ఒక ఇడ్లీ తిని, దానికి చప్పట్లు కొట్టేవాళ్లను మాత్రం మొన్న ఎండాకాలంలో మదురైలో చూసినాను. వాళ్లలో నేనూ ఒకదాన్ని. పోయింది నా దుడ్డు కాదు కాబట్టి ఇంత నిదానంగా చెప్తున్నాను.

దీనికి ఫుడ్ వాక్ అని పేరు. ఒకరు ముందు నడుస్తారు, మిగిలినవాళ్లు వెనుక నడుస్తారు. ఎక్కడ పొయ్యి కనిపిస్తే అక్కడ నిలబడి కొంచెం కొంచెం తింటారు. మా ఊళ్లో మేకలు ఇదే పని చేస్తాయి. వాటికి టికెట్ లేదు, అంతే తేడా.

నేను దాంట్లోకి ఎందుకు పోయినానంటే నా కూతురి కూతురి వలన. కూతురిని పోదనూరులో ఇచ్చినాము. దాని బిడ్డ చదువు ముగించి, గాంధీపురంలో ఒక పెద్ద జవుళి షాపులో చీరల సెక్షన్‌లో చేరింది. ఆ షాపులో బేరం ఉన్నా లేకపోయినా పొద్దంతా నిలబడే ఉండాల. కూర్చుంటే పైన కెమెరాలో చూసి అరుస్తారు. ఆ వయసుకే పిల్లకు పిక్కల్లో నరాలు నీలంగా తేలినాయి. ఇక నిలబడలేను, మదురైలో గైడు పని ఉంది, దాంట్లో నడుస్తాను అంటుంది. నిలబడే పని పోయి నడిచే పని వచ్చింది. కూర్చునే పని మా వంశంలో ఎవరి నుదుట రాసిపెట్టలేదు.

ఆ కంపెనీ ఓనరు మదురైలోనే పుట్టిన తమిళ పిల్లవాడు. మెక్సికో అనే దేశంలో సముద్రం ఒడ్డున ఏదో ఊరికి పోయి, అక్కడ ఒక ఆడమనిషి వెనుక సందు సందు తిరిగి చేపలు, రొట్టెలు తిని వచ్చినాడంట. తిన్నవాడు ఊరికే ఉండక, మన ఊళ్లో కూడా ఇట్లా చేస్తే ఏమి అని అక్కడే అనుకున్నాడంట. మదురై వీధుల్లో తిండి దొరుకుతుందని తెలుసుకునేదానికి విమానం ఎక్కి అంత దూరం పోయి రావాల్సి వచ్చింది పాపం.

గుడికి ఆంధ్రావాళ్లు గుంపులు గుంపులుగా వస్తారు కదా, వాళ్లకు తెలుగులో చెప్పే మనిషి కావాల. మా పిల్ల పోయి, "మాది ఇంట్లో తెలుగే సార్" అనింది. అయితే ఒక్కసారి నడిపించి చూపించు, నేను వెనుకనే వస్తాను, వచ్చినవాళ్లు బాగుందంటే పని నీది, లేకపోతే లేదు అన్నాడు. ఇది ఒక పరీక్ష. రెండో పరీక్ష నేను. ఊరుపేరు తెలియనివాళ్లతో వీధుల వెంట తిరిగే పని ఎట్లాంటిదో అవ్వ పోయి చూసి సరే అంటేనే పంపుతాను అని దాని అమ్మ చెప్పేసింది.

పిలిస్తే ఖాళీ కడుపుతో పోవడం ఎప్పటికీ పద్ధతి కాదు. అందుకని తెల్లారే, రాత్రి నీళ్లు పోసిపెట్టిన కూడులో మజ్జిగ కలుపుకొని, ఎర్రగడ్డ కొరుక్కొని తాగి, తిరుమంగళంలో బస్సు ఎక్కినాను. చేతిలో మూత ఉండే స్టీలు తూక్కు గిన్నె. దాంట్లో ఏమీ లేదు. పోయేటప్పుడు ఏమీ ఉండకూడదు, వచ్చేటప్పుడు ఉండాల. అన్ని చోట్ల తినిపిస్తే మిగలకుండా ఉంటుందా? మిగిలింది ఎక్కడికి పోవాల?

పిల్ల బస్టాండులోనే కాచుకొని ఉంది. తూక్కును చూసి తల పట్టుకునింది.

"అవ్వా, నువ్వు నా అవ్వవని చెప్పొద్దు. టికెట్ కొన్న మనిషిలా ఉండు."

"టికెట్ కొన్న మనిషి ఎట్లా ఉంటాది?"

"దేనికైనా బాగుంది అంటాది."

"అది నాకు చేతకాదు."

"అయితే మాట్లాడకుండా ఉండు."

"అది అసలే చేతకాదు."

పిల్ల నవ్వలేదు. "అవ్వా, ఈ పని నాకు కావాల. మళ్లా ఆ చీరల నడుమ పోయి నిలబడలేను" అనింది. కాళ్ల వైపు చూపించలేదు. చూపించి ఉంటే తిట్టి ఉందును. నోరు కట్టుకొని దాని వెనుక నడిచినాను.

ఆ పొద్దు వచ్చినవాళ్లు విజయవాడ పక్కవాళ్లు. మొగుడు, పెండ్లాము, మొగుడి తల్లి. కోడలి తలకు గంపంత టోపీ. కొడుకు చేతిలో ఫోను. కండ్లతో చూసేదానికి ముందు ఫోనుతో చూస్తాడు. ఆ తల్లి కాళ్లకు తెల్లటి కొత్త బూట్లు, దాని పైన జరీ చీర. చేలో కొంగ నడిచినట్టు ఒక్కొక్క అడుగూ ఎత్తి ఎత్తి పెడుతుంది. వెనుక ఓనరు. ఆ వెనుక, టికెట్ కొన్న మనిషిలా, నేను.

మొదట ఇడ్లీ. ఒక సందులో పొగ మధ్య ఒక ఆడమనిషి ఇడ్లీ పోస్తుంది. మా పిల్ల ఆమె ముందర నిలబడి, ఈ ఇడ్లీ మెత్తదనం వెనుక పాండ్యరాజుల కాలంనాటి రహస్యం ఉందండీ అని మొదలు పెట్టింది. ఓనరు రాసి ఇచ్చిన కథ. పాండ్యరాజు ఇడ్లీ తిన్నాడో లేదో నాకు తెలియదు. తిని ఉంటే ఇట్లా మోరీ పక్కన నిలబడి తిని ఉండడు. కథ ముగిసేలోపల ఇడ్లీ చల్లారింది, మా వెనుక నిజంగా ఆకలితో వచ్చినవాళ్లు నిలిచిపోయినారు. "తినేదుంటే తినండి, లేకపోతే జరగండి, రాజు కథ మీ ఇంట్లో పెట్టుకోండి" అని ఇడ్లీ ఆమె అరవంలో కసిరింది. ఏమంటున్నారు అని కోడలు అడిగితే, మా పిల్ల నవ్వుతూ "నిదానంగా తినమంటున్నారండీ" అనింది. అప్పుడే అనుకున్నాను, ఈ పిల్లకు ఈ పని వస్తుంది అని.

తరువాత పణియారం, అదే గుంతపొంగణం. తరువాత ఇంకేదో వడ. ఒక్కొక్క దాన్నీ ముందు ఫోటో తీసి, తుంచి, నాలుక కొనతో తాకి, "ఆథెంటిక్" అంటాడు కొడుకు. సగం కొరికి ఆకులో వదిలిపెడతారు. ఆ సగాలను చూస్తా ఉంటే తూక్కు మూత నా చేతిలో దానంతట అదే కదులుతుంది. పిల్ల ఓరగా చూసింది. మూత వేసుకున్నాను, తూక్కుకూ, నోటికీ.

నోటి మూత పరుత్తిపాల దగ్గర ఊడిపోయింది. పరుత్తిపాలు అంటే పత్తిగింజలు నానేసి, రుబ్బి, పాలు పిండి, బెల్లమూ సొంటీ వేసి కాచేది. మంచిదే. కాదనను. కోడలు ఒక గుక్క తాగి, "వావ్, ఇది సూపర్ ఫుడ్ అండీ!" అని కండ్లు మూసుకునింది.

"మా ఎద్దులూ అట్లనే కండ్లు మూసుకుంటాయి" అన్నాను.

ముగ్గురూ తిరిగినారు. "అరే, మీరు తెలుగువాళ్లా?" అన్నాడు కొడుకు.

"అవును."

"ఎప్పుడొచ్చారండీ ఇక్కడికి?"

"పొద్దున, బస్సులో."

"అది కాదండీ, ఆంధ్ర నుంచి తమిళనాడుకు ఎప్పుడొచ్చారు అని."

"నాకు జ్ఞాపకం లేదు నాయనా. మా తాతకు తాతకు ఉండి ఉంటాది, అడిగేదానికి ఆయన లేడు."

"మీ తెలుగు భలే తమాషాగా ఉంది!" అని ఫోను నా వైపు తిప్పినాడు. మేము నల్లరేగడి నేలలో పత్తి చేలు దున్నుకుంటా, ఎవరూ అడగకపోయినా, ఎవరూ నేర్పకపోయినా, నోట్లో పెట్టుకొని కాచుకున్న మాట. మా ఊరి బడిలో తెలుగు చెప్పే అయ్యవారు కూడా మూడో తరగతి దాకా చెప్పి వెళ్లిపోయినాడు. ఆ మాట ఈయనకు తమాషా. సరే, తమాషా చూసేదానికే కదా టికెట్. పిల్ల ముఖం చూసి మళ్లా మూత వేసుకున్నాను.

ఎండ ఎక్కింది. ఇంకా ఎక్కడెక్కడికో తిప్పింది. కడపటిది ఒక మెస్. పాత ఇల్లు, పొడుగు బెంచీలు, అరిటాకులు, బకెట్లలో సాంబారు. పొద్దున్నుంచి మా పిల్ల ఫోనులో చూసి నేర్చుకున్న ఆంధ్రా తెలుగుతో నెట్టుకొని వచ్చింది: "రుచి చూడండీ", "ఇటు రండీ", "జాగ్రత్తండీ". మెట్టు మెట్టుకూ అండీ. ఆ మెస్‌లోకి వచ్చేసరికి దాని పెదవులు ఎండిపోయినాయి, జడ ఊడింది. ఆకులు వేసినారు, నీళ్లు చల్లినారు. తెల్లగా ఆవిరి లేస్తా వడ్డించే ఆయన వచ్చినాడు. అది చూసేసరికి మా పిల్లకు ఓనరూ, కథా, అండీ అన్నీ మరుపు వచ్చినాయి. మా వంటింట్లో పిలిచినట్టే, చేయి ఊపి, నోరారా పిలిచింది:

"రాండి, రాండి, కూడు తిందురు రాండి. చల్లారిపోతాది!"

కూర్చోబోయిన కొడుకు కూర్చోలేదు. "కూడు ఏంటి? మమ్మల్ని ఏమనుకుంటున్నావమ్మా? అడుక్కుతినేవాళ్లమా?"

కోడలు టోపీ తీసి, మెల్లగా, "కూడు అంటే... అది పిండాల దగ్గర అనే మాట కదండీ" అనింది.

పెద్దామె మాత్రం అరవలేదు. ముందరున్న ఆకును కొంచెం అవతలికి జరిపి, "మా ఇంటాయన పోయి ఏడాది తిరగలేదు తల్లీ. ఆ మాట చెవిన పడ్డాక ఇంక నాకు ముద్ద దిగదు" అనింది. అంతే. కొడుకు అరిచిన అరుపుకు నాకు ఒళ్లు మండింది కానీ, ఆమె ఆకు జరిపిన దానికి కోపం రాలేదు.

మా పిల్ల ఏమి తప్పు చేసిందో దానికే తెలియలేదు. పుట్టినప్పటినుంచీ విన్న మాట. అమ్మ మొదట పిలిచేది ఆ మాటతోనే, అలిగితే బతిమాలేది ఆ మాటతోనే. ఓనరుకు తెలుగు రాదు. "ఎన్న ఆచ్చు?" అంటాడు, ఏమైంది అని. కొడుకు ఇంగ్లీషులో ఏదో చెప్పినాడు. ఓనరు పిల్ల పక్క తిరిగి, "నీకు తెలుగు తెలుసు అని కదా నేను పిలిచింది?" అన్నాడు. అరవంలోనే, అందరి ముందరే.

పిల్ల నా వైపు చూసింది. దాని కండ్లలో ఆ చీరల సెక్షన్ నాకు కనిపించింది.

ఇంక టికెట్ కొన్న మనిషిలా ఉండేది ఎట్లా? తూక్కు బెంచీ మీద ఠంగుమని పెట్టినాను.

"ఆ పిల్లను అనొద్దు. ఆ మాట దాని నోట్లో పోసింది నేను. నేను దాని అవ్వను."

ఓనరు పిల్లను చూసినాడు, నన్ను చూసినాడు, తూక్కును చూసినాడు. నేను పోయి ఆ పెద్దామె ఎదుట కూర్చున్నాను.

"అక్కా" అన్నాను.

"నేను మీకంటే చిన్నదాన్నే" అనింది ఆమె, వెంటనే.

ఏడాది దుఃఖంలో ఉన్నా ఆ లెక్క మాత్రం మరిచిపోలేదు. "సరే చెల్లీ. మీకు ఆ మాటలో చావు ఉంది. మాకు లేదు. చచ్చినవాళ్లకు పెట్టేది మాకు పిండం, దాని పక్కన ఇంకో మాట చేర్చము. భోజనం అనేది మాకు హోటల్ బోర్డు మీది మాట. దుడ్డు ఇచ్చి తినేది భోజనం. అడగకుండానే పెట్టేది కూడు. ఈ పిల్ల ఎండలో తిరిగి అలిసిపోయి, మిమ్మల్ని ఇంటివాళ్లు అనుకునింది. అది దాని తప్పే. టికెట్ కొన్నవాళ్లను ఇంటివాళ్లు అనుకోకూడదు."

కొడుకు ఏదో అనబోయినాడు. తల్లి చేయి ఎత్తి ఆపింది. నన్ను బాగా పైనుంచి కిందికి చూసి, "మా పుట్టింట్లో పాలేళ్లకు పెట్టేదాన్ని కూడు అనేవాళ్లం" అనింది. ఊరికే వదిలే మనిషి కాదు.

"అయితే మీ పాలేళ్లు మాకు చుట్టాలు" అన్నాను.

ఆమె ముక్కులోనుంచి ఒక శబ్దం వచ్చింది. నవ్వో, నిట్టూర్పో తెలియలేదు. "మా ఆయన ఉంటే నీతో పొద్దుగూకేదాకా పోట్లాడేవాడు. మాట మీద మాట అంటే ఆయనకు తిండి కూడా అక్కర్లేదు" అనింది. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. అని, బెంచీ కింద కాలితో కాలు తొక్కి ఆ తెల్ల బూట్లు రెండూ ఊడదీసింది. "ఈ బూట్లు మా కోడలు కొన్నవి. ఊరంతా తిప్పి, కాళ్లు బొబ్బలెక్కాక అప్పుడు ఆకు వేస్తారా? మా వైపు ముందు పీట వేసి కూర్చోమంటాం."

"మా పక్క కూడా అంతే. ఈయన ఈ పద్ధతి మెక్సికోలో నేర్చుకొని వచ్చినాడు."

"అక్కడ పీటలు లేవేమో."

"పీటలుంటే ఎందుకు నడుస్తారు?"

ఈసారి అది నవ్వే. కోడలు కూడా నోటికి చేయి అడ్డం పెట్టుకునింది. వడ్డించే ఆయన బకెట్టు పట్టుకొని అంతసేపూ నిలబడే ఉన్నాడు. పెద్దామె ఆకును మళ్లా తన ముందరికి లాక్కొని మా పిల్లతో, "ఏమ్మా, చూస్తా నిలబడ్డావేం? పెట్టించు" అనింది.

పిల్లకు ఏ మాట అనాలో భయం. "ఏమి... అది... అన్నం... భోజనం పెట్టమంటారా అండీ?" అని మెలికలు తిరిగింది.

"నువ్వు అన్నదే పెట్టించు" అనింది ఆమె. "ఆ మాట నేను అనను. తింటాను."

తినింది. రెండుసార్లు వేయించుకొని తినింది. సాంబారులో ఏముంది, ఒట్టి నీళ్లు అనింది; మీ పప్పులో ఏముంది, ఒట్టి కారం అన్నాను. గోంగూర లేని ఊరూ ఒక ఊరేనా అనింది. పుంటికూర మా గట్ల మీద ఊరికే పెరుగుతుంది, దానికి మేము కథ చెప్పము అన్నాను. అదీ ఇదీ ఒకటే అని తెలియడానికి మాకు పెరుగు వచ్చేదాకా పట్టింది. లేచేటప్పుడు నేను తూక్కు తెరిచి మిగిలిన వడలు వేసుకుంటా ఉంటే, కొడుకు "ఇంటికి తీసుకెళ్తారా?" అని ఆశ్చర్యపోయినాడు. ఆయనకు నేను జవాబు చెప్పేలోపలే ఆయన తల్లి తన ఆకు పక్కన ముట్టకుండా పెట్టిన వడను కూడా నా తూక్కులో వేసింది.

ఓనరుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నవ్వులు కనిపించినాయి కాబట్టి ఫోను తీసి పట్టుకొని నిలబడినాడు.

వాళ్లు ఊరికి పోయి కంపెనీకి రాసినారంట: నడక ఎక్కువ, ఇడ్లీ చల్లగా ఉంది, మెస్‌లో ఇద్దరు పెద్దవాళ్ల తగువు మాత్రం చాలా బాగుంది అని. దాంతో పిల్లకు పని దొరికింది. ఓనరు తెలివి చూడండి. ఆ తగువును పిల్ల చేత అరవంలో చెప్పించుకొని తన కథలో రాసుకున్నాడు. మెస్‌లోకి పోగానే మా పిల్ల ఆ మాటతో పిలవాలంట. వాళ్లు ఉలిక్కిపడాలంట. కొంచెం ఆగాలంట. ఆ తరువాత "దుడ్డు ఇచ్చి తినేది భోజనం, అడగకుండానే పెట్టేది కూడు" అని చెప్పాలంట. ఎవరికి? దుడ్డు ఇచ్చి కూర్చున్నవాళ్లకు. మరుపున జారిన మాటను ఇప్పుడు నేర్చుకొని జారవిడుస్తుంది. ప్రతి ఆదివారం నన్ను కూడా వచ్చి తగువు పెట్టుకోమని కబురు పంపినాడు. ఎప్పుడంటే అప్పుడు తెరిచేదానికి నా నోరు కుళాయి కాదు తంబీ అని చెప్పినాను.

కూతురు పోదనూరునుంచి ఫోను చేసి, ఏమ్మా, పంపనా వద్దా అని అడిగింది. పంపు అన్నాను. పాండ్యరాజు కథకు కాదు. పిల్ల ఒక మాట చెప్పింది నాతో: నడిచేటప్పుడే మెల్లగా కదిపి, ఏడాది లోపల ఎవరింట్లోనైనా చావు ఉందేమో తెలుసుకుంటుందంట. ఉంటే ఆ పొద్దు ఆ మాట అనదంట. అది ఓనరు రాసి ఇచ్చింది కాదు.

ఇప్పుడు మదురైలో హాస్టల్‌లో ఉంది. పొద్దంతా ఆంధ్రావాళ్లతోనే. మొన్న మధ్యాహ్నం ఫోను చేసింది.

"అవ్వా, భోజనం అయిందా?"

పొయ్యిలో పుల్ల ఎగదోసినాను.

"అవ్వా? వినిపిస్తుందా? భోజనం చేశావా?"

"ఎవరు మాట్లాడేది?"

"నేనే అవ్వా!"

"టికెట్ కొన్నవాళ్లకు కూడు, నాకు భోజనమా?"

 బస్సుల చప్పుడు నడుమ చిన్నగా అడిగింది:

"కూడు తింటివా అవ్వా?"

"ఇంకా లేదు. పొయ్యి మీద ఉడుకుతా ఉంది" అన్నాను. "నువ్వు తింటివా?"